తెరిచి ఉంచిన చిరునామాలు

మా పెద్దబాపు పోయిన వానాకాలంలో కన్నుమూశాడు. దినాలు అయిపోయి చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక, ఆయన కొడుకు శ్రీనన్న నన్ను పక్కకు పిలిచి, “పద్మా, బాపు మెయిలు సంగతి నీకే ఎర్క. జర బందు వెట్టరాదు? ఫోన్ల టింగు టింగుమని ఒక్కతీరుగ మోగుతున్నది, అవ్వ పరేషానైతున్నది” అన్నాడు. పెద్దబాపు ఫోను తీసుకుని ముందరి అర్రలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆ మెయిలు పెట్టె నిండా చదవని ఉత్తరాలే. ప్రతి దాంట్లోనూ ఆయన పేరే. ప్రియమైన రాజేశం, మీకు లాటరీ తగిలింది. రాజేశం గారూ, మీ లోను మంజూరైంది. మిత్రమా రాజేశం, దూరదేశంలో మొగుడు పోయిన ఒక ధనవంతురాలు తన ఆస్తిని మీ చేతుల్లో పెట్టాలనుకుంటున్నది. చనిపోయిన మనిషిని పేరు పెట్టి అంత ప్రేమగా పిలుస్తున్న ఆ ఉత్తరాల వెనుక ఆయనను ఎరిగినవాడు ఒక్కడూ లేడు. ఆయన చిరునామా వాటికి ఎట్లా దొరికిందో నాకు తెలుసు. పెద్దవ్వకు కూడా కొంత తెలుసు గానీ ఆమె ఆ మాట ఎన్నడూ ఎత్తదు.

మా సొంత ఊరు బెల్లంపల్లి. బాపు బొగ్గుబావిలో దిగేవాడు. బావులు ఒకటొకటిగా మూతపడుతున్న రోజులవి. నేను అక్కడే ఉంటే చదువు సాగదని బాపు నన్ను కరీంనగర్‌లో తన అన్న ఇంట్లో ఉంచి డిగ్రీలో చేర్పించాడు. మా ఇంట్లో ఎప్పుడూ బొగ్గుపొయ్యి పొగ, బాపు దగ్గు ఉండేవి. పెద్దబాపు ఇంటికి వచ్చిన కొత్తలో ఆ దగ్గు వినపడక నాకు నిద్రపట్టేది కాదు. పొద్దున కళ్లు తెరిచేసరికి పెద్దవ్వ వాకిలి ఊడ్చి అలుకు చల్లిన వాసన వచ్చేది, ఆ వెంటనే జొన్నరొట్టె కాలుతున్న వాసన, పచ్చిపులుసులోకి నువ్వులు వేయించిన వాసన. ఎండాకాలం మధ్యాహ్నాలు కూలర్‌లో తడిసిన గడ్డి వాసనతో ఇల్లంతా చెరువు ఒడ్డులా ఉండేది. పెద్దబాపు తార్ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. తంతి మీట నొక్కీ నొక్కీ ఆయన కుడిచేతి వేళ్లకు ఊరకే ఉండటం చేతనయ్యేది కాదు. కుర్చీ చేతి మీదో, అన్నం పళ్లెం అంచు మీదో ఏదో ఒకటి కొడుతూనే ఉండేవి. “మీ పెద్దబాపు అన్నం తినుకుంట గూడ ఎవలికో తార్ గొడ్తడు బిడ్డా” అని పెద్దవ్వ నవ్వేది. చిరునామా అంటే ఆయనకు దేవుడి పేరంత గౌరవం. “అడ్రస్‌ల ఒక్కక్షరం తప్పువోతే ఒకింటి సావుకబురు ఇంకో ఇంటికి పోతది. ఏడ్వవలసినోళ్లు అన్నం తింటుంటరు, తినేటోళ్లు ఏడుస్తుంటరు” అనేవాడు. అట్లా ఒకసారి నిజంగానే జరిగిందట. అది ఎవరి ఇల్లో మాత్రం చెప్పేవాడు కాదు.

ఆయన రిటైరయ్యాక కంప్యూటర్ కొన్నాడు. ఆ వయసులో అదేం పిచ్చి అని చుట్టాలు నవ్వారు. ఫోను తీగ దానికి తగిలించి, అది గీపెట్టి గీపెట్టి కలుపుకునే వరకు చేతులు కట్టుకుని ఓపికగా నిలబడేవాడు. మా దిక్కు ఊళ్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల కోసం ఆయన ఒక మెయిలు గుంపు పెట్టాడు. ఒకరు ఆ గుంపుకు ఉత్తరం రాస్తే అందులో చేరిన అందరికీ అది అందుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకునేవాళ్లం. దుబాయిలో ఉన్నవాడు మస్కట్‌లో ఉన్న తమ్ముడి సంగతి అడిగేవాడు, రియాద్‌లో ఉన్నవాడు వేములవాడ జాతర ఎప్పుడని అడిగేవాడు. ఊళ్లలో ఉన్న ఆడవాళ్లు మా ఇంటికి వచ్చి వాకిట్లో చెప్పులు విడిచి, ముందరి అర్రలో గోడకు ఆనుకుని కూర్చుని మాటలు చెప్తే, పెద్దబాపు వాటిని రాసి పంపేవాడు. నేను కాలేజీ నుంచి రాగానే ఆయన పక్కన కూర్చునేదాన్ని. గుంపుకు వచ్చిన ప్రతి ఉత్తరం అంతటితో పోకుండా, వెబ్‌లో ఒక పేజీగా నిలిచిపోయేది. దాన్ని చదవడానికి గుంపులో చేరనక్కర లేదు, లోకంలో ఎవరైనా తెరవచ్చు. పైన రాసినవాళ్ల పేరు, పక్కనే వాళ్ల మెయిలు చిరునామా మొత్తంగా కనపడేవి.

మొదటి సంవత్సరం బాగానే గడిచింది. తర్వాత ఎవరో తెలియనివాళ్ల దగ్గరి నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. మందులమ్మేవాళ్లు, లాటరీవాళ్లు, లోన్లవాళ్లు. పెద్దబాపుకు మొదట్లో అవి దొంగ ఉత్తరాలని తోచలేదు. తనకు ఉత్తరం రాసినవాడికి జవాబు ఇవ్వకపోవడం ఆయన లెక్కలో అమర్యాద. “తమరి ఉత్తరం అందినది. నాకు ఆ మందు అవసరము లేదు. తమరు క్షేమమని తలుస్తాను” అని మంచి ఇంగ్లీషులో రాసి పంపేవాడు. అట్లా జవాబు ఇచ్చిన కొద్దీ అవి మరిన్ని వచ్చేవి. గుంపులో ఉన్న అందరూ అదే మొర పెట్టుకున్నారు. నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చుంటే ఆ గంటంతా చెత్త తీసెయ్యడానికే సరిపోతున్నదని రాశారు.

అప్పుడు రవీందర్ అనే అతను పూనుకున్నాడు. మందమర్రి పిల్లవాడు, మస్కట్‌లో కంప్యూటర్ల పని చేసేవాడు. ఒక శుక్రవారం ఫోను చేసి పెద్దబాపుతో చాలాసేపు మాట్లాడాడు. దొంగలు స్వయంగా కూర్చుని వెతకరని, వాళ్ల ప్రోగ్రాములే ఇట్లాంటి పాత ఉత్తరాల పేజీలన్నీ తిరిగి, చిరునామా మధ్యలో ఉండే ‘ఎట్ ది రేట్’ గుర్తు ఎక్కడ కనపడితే అక్కడ దాన్ని ఎత్తుకుపోతాయని వివరించాడు. ఆ గుర్తు తీసేసి దాని చోట మాటల్లో రాయవచ్చు. చిరునామాలో సగం చుక్కలతో కప్పేయవచ్చు. అదీ కాకపోతే పేజీలన్నీ గుంపువాళ్లకు తప్ప ఎవరికీ కనపడకుండా తాళం వేయవచ్చు.

“సార్, మన తలుపులు బార్లా తెరిచి ఉన్నయి. దొంగలు రాక ఏం జేస్తరు?” అన్నాడు రవీందర్. ఫోను గట్టిగా పలికేది, పక్కనున్న నాకు కూడా వినపడింది.

“తలుపులు మూస్తె దొంగలొక్కలే ఆగుతరా రవీ? వచ్చేటోళ్లందరు ఆగుతరు” అన్నాడు పెద్దబాపు.

ఆయన మాటలో మొండితనం ఒక్కటే లేదు. దానికి వెనుక ఒక కథ ఉంది. అంతకుముందు మా గుంపులో ఒకాయన, రియాద్‌లో తమ్ముడు కనపడటం లేదని రాశాడు. ఆ ఉత్తరం పేజీ మీద నిలిచి ఉంది. అక్కడ ఏదో ఆసుపత్రిలో పనిచేసే ఒక కేరళ నర్సు, తన వార్డులో మాటపడిపోయి ఉన్న రోగి ఎవరో తెలుసుకోవాలని, అతని కాగితాల్లో ఉన్న ఊరి పేరు పెట్టి వెతికితే ఆ పేజీ దొరికింది. ఆమెకు మా గుంపు సంగతే తెలియదు. చిరునామా ఎదురుగా ఉంది గనక నేరుగా ఆ అన్నకు రాసింది. ఆ తమ్ముడు ప్రాణాలతో ఇల్లు చేరాడు, మంచం మీదే అయినా. ఆనాడు వాళ్లంతా మా ఇంటికి వచ్చి పెద్దబాపు కాళ్లకు మొక్కితే ఆయన సిగ్గుపడి లోపలికి వెళ్లిపోయాడు. అందుకే ఎవరేం చెప్పినా ఆయన, “గా నర్సమ్మ లాంటోళ్లు ఇంకెందరున్నరో. వాళ్లు తలుపు కొట్టి వాపస్ పోవద్దు” అనేవాడు. ఆయన అన్నది తప్పని నేను ఈనాటికీ అనలేను. రవీందర్ అన్నదీ తప్పు కాదు.

ఆ తర్వాత సుగుణక్క వచ్చింది. వేములవాడకు అవతల ఒక చిన్న ఊరు ఆమెది. భర్త నర్సయ్య దుబాయిలో తాపీపనికి పోయాడు. కంపెనీ జీతాలు ఆపితే బయటపడి దొరికిన పని చేసుకుంటున్నాడు. అట్లా కాగితాలు లేకుండా బతికేవాళ్లను అక్కడ ఖల్లివెల్లి అంటారు. కొంతకాలం ఫోన్లు చేశాడు. తర్వాత ఆగిపోయాయి. ఆమె కూతురు మమత అప్పుడు బడిలో చేరే వయసు. పెద్దబాపు ఆమె చెప్పినదంతా ఇంగ్లీషులో రాశాడు. నర్సయ్య పేరు, ఊరు, పనిచేసిన కంపెనీ, పెదవి కింద గదవ మీద మచ్చ, చివరిసారి మాట్లాడినప్పుడు ఎక్కడున్నదీ. నేను ఆమెకు ఒక మెయిలు తెరిచి ఇస్తే, ఆ చిరునామా కింద వేసి గుంపుకు పంపాడు. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. అయినా ఆ చిరునామాను నోటికి నేర్చుకుని, దండకం చదివినట్టు తప్పు లేకుండా అప్పజెప్పేది. మధ్యలో ‘ఎట్ ది రేట్’ దగ్గరకు వచ్చేసరికి గొంతు కొంచెం పెరిగేది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పేదట, వాళ్లకు దుబాయిలో ఎవరైనా ఉంటే అక్కరకు వస్తుందని.

వారానికొకసారి బస్సెక్కి వచ్చేది. “వచ్చిందా చెల్లె?” అని వాకిట్లోనే అడిగేది. రాలేదని నేను తల ఊపితే, “ఇయ్యాల గాకపోతె రేపొస్తది” అని నాకే ధైర్యం చెప్పి, పెద్దవ్వ పెట్టిన సర్వపిండి మమతకు తినిపించి వెళ్లేది.

ఒకరోజు వచ్చింది. నేనే తెరిచి చదివాను. ఎవరో వకీలు రాసినట్టు ఉంది. నర్సయ్య వీసా లేనందుకు జైల్లో ఉన్నాడని, జుర్మానా కడితే విడిచిపెట్టి విమానం ఎక్కిస్తారని రాసి ఉంది. ఊరు సరిగ్గా ఉంది, కంపెనీ సరిగ్గా ఉంది, గదవ మీది మచ్చ కూడా ఉంది. నేను తెలుగులో చెప్తుంటే సుగుణక్క నేల మీద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. “బతికే ఉన్నడు” అన్న మాట తప్ప ఆమె నోట ఇంకో మాట రాలేదు. పెద్దబాపు ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఆయన వేళ్లు కుర్చీ మీద ఆగిపోవడం నేను చూశాను.

“సుగుణా, జర ఆగు. రవీందర్ దోస్తులు దుబాయిల ఉన్నరు. జైలు కాడికి పొయి అడుగుమంట. ఖరారైనంకనే పైసలు పంపుదాం” అన్నాడు.

“ఆగుమని చెప్పుడు అల్కగనే ఉంటది సారూ. ఆయిన జైల్ల ఎట్ల తింటున్నడో, ఎట్ల పంటున్నడో” అన్నది ఆమె. ఆ ఒక్కసారే ఆమె గొంతులో కోపం విన్నాను.

రవీందర్ దగ్గరి నుంచి కబురు రావడం ఆలస్యమైంది. ఈలోగా సుగుణక్క ఇంటి ముందు కట్టేసిన బర్రెను, కాళ్ల కడియాలను అమ్మి, వాళ్లు చెప్పిన ఖాతాకు పంపేసింది. మాకు చెప్పలేదు, ఉత్తరాలు నెట్ సెంటర్‌లోనే ఎవరితోనో చదివించుకుని, రాయించి పంపిందట. నర్సయ్య ఫలానా రోజు పొద్దున విమానంలో హైదరాబాద్‌లో దిగుతాడని జవాబు వచ్చాక అప్పుడు చెప్పింది. పెద్దబాపు తలపట్టుకున్నాడు. కానీ ఆమె మొహంలో ఉన్న వెలుగు చూసి మెత్తబడ్డాడు. “పోదాం పా. ఒకవేళ నిజంగనే వస్తె మంచిదే గదా” అన్నాడు. ఆయన, నేను, సుగుణక్క, మమత బస్సులో పోయాం. మమతకు కొత్త గౌను. సుగుణక్క కనకాంబరాలు పెట్టుకున్నది, ఇంటి నుంచి నర్సయ్యకని ఒక అంగీ తెచ్చింది, జైలు బట్టలతో బస్సెక్కితే నలుగురూ చూస్తారని.

విమానం వచ్చింది. తాళ్లతో కట్టిన అట్టపెట్టెలు, రంగురంగుల రగ్గులు మోసుకుంటూ మా దిక్కు మనుషులే గుంపులు గుంపులుగా బయటికి వచ్చారు. వాళ్లవాళ్లు పేర్లు పెట్టి అరుస్తున్నారు, ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. సన్నగా నల్లగా ఉన్న ప్రతి మనిషినీ చూసి మమత “బాపు గీయిననేనా?” అని అడిగేది. తండ్రి మొహం దానికి గుర్తులేదు. మనుషులు పలచబడ్డారు. తర్వాత విమానంలో పనిచేసేవాళ్లు చిన్నపెట్టెలు లాక్కుంటూ వెళ్లిపోయారు. సుగుణక్క ద్వారం దగ్గర ఉన్న పోలీసును, “లోపట ఇంకెవలన్న ఉన్నరా అన్నా?” అని అడిగింది. ఎవరూ లేరమ్మా అన్నాడతను, మంచిగానే. అయినా ఆమె అక్కడి నుంచి కదలలేదు. పెద్దబాపు ఆమె చేతిలోని అంగీని మెల్లగా తీసుకుని మడిచి సంచీలో పెట్టాడు.  తిరుగు ప్రయాణంలో మమత ఒక్కతే బస్సు కిటికీలోంచి బర్రెలను చూపిస్తూ మురిసిపోయింది.

ఇంటికి వచ్చాక ఆయన స్నానం కూడా చేయకుండా కంప్యూటర్ ముందు కూర్చుని ఆ దొంగ ఉత్తరాన్ని మళ్లీ తెరిచాడు. ఒక మాట దగ్గర వేలు ఆపాడు. సుగుణక్క ఊరి పేరును ఇంగ్లీషులో అందరూ ఒక తీరుగా రాస్తారు, పెద్దబాపు తన పాత అలవాటుతో ఒక అక్షరం ఎక్కువ వేసి రాస్తాడు. ఆ వకీలు కూడా ఆ అక్షరం ఎక్కువ వేసే రాశాడు.

“గిది నా రాతనే బిడ్డా” అన్నాడు. “నేను రాసిందే నాకు తిప్పి పంపిండ్రు.”

పెద్దవ్వ మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టి నిలబడింది. ఆయన తాగలేదు.

ఆ ఎండాకాలమంతా మేమిద్దరం చిరునామాలు దాచే పనిలోనే గడిపాం. కొత్తగా వచ్చే ఉత్తరాలకు చిరునామా కనపడకుండా చేసే వీలుంది గానీ పాతవాటికి లేదు. ఒక్కొక్క ఉత్తరం తెరిచి, నకలు తీసుకుని, చిరునామా చెరిపి, మళ్లీ పేజీలో పెట్టి, పాతది తీసేయాలి. కరెంటు పోయేది, ఫోను తీగ తెగిపోయేది, చేసిన పని మళ్లీ చేయాల్సి వచ్చేది. ప్రతి ఉత్తరాన్నీ ఆయన తీసేసే ముందు ఒకసారి చదివేవాడు. ఎవరి బిడ్డకు జరమొచ్చిందో, ఎవరి తల్లి పోతే రాలేకపోయాడో, ఎవరు బతుకమ్మ పాట అడిగారో. చిరునామాను చెరిపేటప్పుడు ఆయన మొహం, ఎవరి ఇంటి మీది నంబరునో సున్నం కొట్టి మాపుతున్నట్టు ఉండేది. అంతా అయిపోయాక రవీందర్‌కు రాస్తే, అతను చాలా సంకోచిస్తూ ఫోను చేశాడు. మన పేజీలకు నకళ్లు ఇంకెక్కడెక్కడో వేరే దేశాల సైట్లలో ఉన్నాయని, అవి మన చేతిలో లేవని చెప్పాడు. పెద్దబాపు “మంచిది రవీ” అని ఫోను పెట్టేశాడు. మరునాడు గుంపు పేజీలన్నింటికీ తాళం వేయించాడు.

దాని తర్వాత ఆ నర్సమ్మ లాంటి తెలియనివాళ్లు ఎవరూ మా గుంపులో వాళ్లకు రాయలేదు. రాయాల్సిన వాళ్లు లేకనో, ఉండి కూడా దారి దొరకకనో చెప్పలేను. రానురాను గుంపులో మాటలు తగ్గిపోయాయి. ఆయన మాత్రం పొద్దున చాయ్ తాగగానే తెరిచి చూసేవాడు. నర్సయ్య ఏమయ్యాడో ఎన్నటికీ తెలియలేదు. రవీందర్ స్నేహితులు జైళ్లలో, ఆసుపత్రుల్లో, చివరికి శవాలు భద్రం చేసే చోట కూడా వెతికారు. సుగుణక్క మా ఇంటికి రావడం మానలేదు. పెద్దబాపును ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆయనకు బరువైంది. ఆమె వస్తున్నదని తెలిస్తే మంచి అంగీ తొడుక్కుని కూర్చునేవాడు, వచ్చాక కళ్లెత్తి చూసేవాడు కాదు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. దుబాయిలో ఉన్నవాడు రోజూ వీడియోలో కనపడి పిల్లలకు ముద్దులు పెడుతున్నాడు. మన నంబరు, పేరు, ఇంటి సంగతులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఎవరికీ లెక్కలేదు. పొద్దున లేస్తే ఎవడో ఒకడు పోలీసునని, బ్యాంకువాడినని ఫోను చేస్తాడు. మనం విసుక్కుని పెట్టేసి పనిలో పడతాం. ఒక్క చిరునామా బయట పడినందుకు ఒక మనిషి ఎండాకాలమంతా అన్నం సరిగా తినకుండా కూర్చున్నాడని చెప్తే ఇప్పటి పిల్లలకు వింతగా ఉంటుంది.

పెద్దబాపు మెయిలు నేను మూసేసిన వారానికి సుగుణక్క పరామర్శకు వచ్చింది. వెంట మమత. ఆమె ఇప్పుడు బడిలో టీచరు, ఇద్దరు పిల్లల తల్లి. సుగుణక్క జుట్టంతా నెరిసింది, నుదుట బొట్టు ఉంది. పెద్దవ్వను పట్టుకుని ఏడ్చి, కాళ్లుచేతులు కడుక్కుని కూర్చున్నాక, మమత నాకు తన ఫోను చూపించింది. పెద్దబాపు రాసిన ఆ ఉత్తరం, ఏదో విదేశీ సైట్‌లో, చెక్కు చెదరకుండా ఉంది. తండ్రి పేరు, మచ్చ, కంపెనీ, కింద తల్లి చిరునామా.

“చిన్నవ్వా, దీన్ని తీపిచ్చేస్తవా?” అన్నది మమత. “ఏడాదికోపారి ఎవడో ఒకడు నాకు ఫోన్ జేసి మీ బాపు దొరికిండు అంటడు. గిది సూసి, నా నంబరు యాడనో వట్టుకొని చేస్తున్నరు. నా పాణం ఇసిగింది.”

“ఉండనీ బిడ్డా” అన్నది సుగుణక్క. “ఆయిన ఎన్నడన్న సూస్తె?”

“అవ్వా, ఇరవై ఏండ్లు దాటింది.”

సుగుణక్క నా వైపు తిరిగింది. “చెల్లె, గా అడ్రస్‌కు ఎవలన్న రాస్తె నాకిప్పుడు వస్తదా?”

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఆమెకు ఇదివరకే చాలామంది అబద్ధాలు చెప్పారు. “రాదక్కా. మనం తెరువక అది మూతపడి చాలా ఏండ్లయింది” అన్నాను.

ఆమె మమత చేతిలోని ఫోను దిక్కు చూసింది. “మరి ఆయిన రాసిండో, రాయలేదో ఎట్ల తెల్వాలె?” అన్నది.  పెద్దవ్వ లేచి వెళ్లి స్టవ్ వెలిగించింది. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాక సుగుణక్క, “తీపియ్యుర్రి. పిల్ల పరేషానైతున్నది” అన్నది.

ఆ సైట్‌వాళ్లకు మమత పేరుతో నేనే రాశాను. కొన్ని రోజులకు తీసేశామని జవాబు వచ్చింది. తెరిచి చూశాను, పేజీ లేదు. సుగుణక్కకు ఫోను చేసి చెప్పాను.

“పోయిందా?” అన్నది.

“పోయింది అక్కా.”

“రేషన్ కార్డుల తీసేసిండ్రు, ఓటర్ల లిస్టుల తీసేసిండ్రు” అన్నది ఆమె. “ఆయిన పేరు గిదొక్కకాడ ఉండె.”